గోవింద్ నేర్చుకున్న మాట

భావనపాడు,
25-11-2024, సోమవారం.

చి.సౌ. శ్రావణికి,

ముఖలింగేశ్వరుడి దయ వల్ల నువ్వూ గిరిబాబూ అంత దూరాన గుజరాత్‌లో, వెరావల్‌లో బాగున్నారని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగు కాగితం మీద నేను పెన్ను పెట్టడం ఇదే. ఫోనులో నీ గొంతు వినబడితే గోవింద్ ఫోనుని వెనక్కి తిప్పి చూస్తాడు. నువ్వక్కడ లేవని తెలిశాక తలుపుకేసి తల కొట్టుకుంటాడు. ఆ పూటంతా మనిషి కాడు. పైగా నేను చెప్పాల్సింది వాడి దొడ్డికి సంగతి. మీ గదిలో పదిమంది ఉంటారనీ, పక్కవాళ్లకి ఫోనులో ప్రతి మాటా వినబడుతుందనీ నువ్వే అన్నావు. అందుకే ఇన్నాళ్లూ నోరు కట్టుకుని, ఈరోజు రాస్తున్నాను.

మూడు వారాలుగా వాడికి విరేచనాలు. రోజుకి నాలుగైదు నిక్కర్లు మార్చాలి. ఎక్కువ పోడు. నీళ్లలాగా కొంచెం కొంచెం. పోతున్నట్టు వాడికి తెలిసినట్టు కూడా లేదు. ఇదివరకు మూడు నాలుగు రోజులకోసారి, అదీ ఏడుస్తూ వెళ్లేవాడు కదా, ఇప్పుడు ఇలా తిరగబడింది.

పెరట్లో కొత్త మరుగుదొడ్డి దసరాకి పూర్తయింది. వాడిని ఇక తెల్లారి ఒడ్డుకి తీసుకెళ్లొద్దని మీ మావకి చెప్పాను. ఆరేళ్లు నిండాయి, ఇప్పుడు కాకపోతే ఎప్పుడు అలవాటవుతుంది? వాడు మాత్రం లోపలికి వెళ్లి గోడ పట్టుకుని నిలబడి వచ్చేస్తాడు.

పోయిన సోమవారం శ్రీముఖలింగం వెళ్లినప్పుడు పచ్చి మారేడుకాయలు తెచ్చాను. విరేచనాలకి మా అమ్మ అదే పెట్టేది. కాయ కాల్చి, గుజ్జు తీసి, బెల్లం కలిపి రెండు పూటలా పెడుతున్నాను. మరమరాలూ పాలూ తప్ప ఇంకేదీ నోట పెట్టని పిల్లాడు దీన్ని తింటున్నాడు. అదే స్వామి దయ అనుకుంటున్నాను.

కార్తీకం మొదలు మండలం రోజులు తెల్లారే దీపం పెడతానని వాడి కోసం మొక్కుకున్న సంగతి నీకు తెలుసు. దీపం వెలిగేదాకా వాడిని కడగడం, బట్ట మార్చడం మీ మావే చూస్తున్నారు. నేను మడితో ఉంటాను కదా.

ఇప్పుడు కూర్చుని చదువు. వాడు మాట్లాడాడు. గురువారం పొద్దున వలల గుట్ట వెనక నిలబడి, "ముట్టుకోకు" అన్నాడు. ఒక్క అక్షరం పోకుండా. మీ మావ చేతిలో వల వదిలేసి, "ఏటన్నాడే ఈడు? మళ్లీ అనరా, మళ్లీ అను" అని పరుగెత్తుకొచ్చారు. ఇప్పుడు రోజుకి ఐదారుసార్లు అంటున్నాడు. విశాఖపట్నంలో ఆటిజం అని చెప్పిన రోజు నువ్వు బస్సులో ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేదు. నా దీపం వృథా పోలేదమ్మా.

దీవెనలతో,
అత్త యమున.


వెరావల్,
4-12-2024.

అత్తకి శ్రావణి నమస్కారాలు.

ఉత్తరం అందింది. రొయ్యలు ఒలిచే షెడ్డులోనే చదివాను. ఏడుస్తూ నవ్వుతుంటే పక్కన కూర్చునే అనూరాధ "ఏటయిందే నీకు" అని భయపడింది. నా కొడుకు మాట్లాడాడని చెప్పాను. ఆయన వేటలో ఉన్నారు, ఇంకో పన్నెండు రోజులకి గానీ బోటు రాదు.

ఆ రోజంతా సంతోషంగానే ఉన్నాను. పడుకున్నాక ఆ మాట లోపల తిరగడం మొదలుపెట్టింది. అమ్మ అనలేదు. పాలు అనలేదు. ముట్టుకోకు అన్నాడు. ఎవరు ముట్టుకుంటున్నారు అత్తా వాడిని? నోరులేని పిల్లలకి ఎలాంటివి జరుగుతాయో ఇక్కడ విన్నాను, కాగితం మీద రాయలేను. వాడు వలల వెనక ఎందుకు దాక్కుంటున్నాడు? నిక్కరు ఎందుకు పాడు చేసుకుంటున్నాడు? పక్కింటి జగ్గమ్మ పిన్ని అరుగు మీద వాడిని వదిలి నువ్వు గుడికి వెళ్తావు. వాళ్లింట్లో పెద్ద మగపిల్లలున్నారు. నేను ఎవరి మీదా నింద వేయడం లేదు. కానీ ఇకనుంచి వాడిని ఎవరి దగ్గరా వదలకు.

విరేచనాలు తగ్గేదాకా పాలు ఆపేయి. నీళ్లు కూడా ఎక్కువ తాగించకు. ఇక్కడ అందరూ అదే అన్నారు.

నిజం ఏదైనా నాకు రాయి.

శ్రావణి.


భావనపాడు,
13-12-2024.

చి.సౌ. శ్రావణికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తల్లివి, భయపడ్డావు. తప్పు పట్టను. అయినా నా చేతుల్లో ఉన్న పిల్లాడి గురించి నువ్వు అలా అడిగావన్న బాధ రెండు రోజులు పోలేదు.

మా ఇంట్లో వాడిని ముట్టుకునేది ఇద్దరం. నేను, మీ మావ. నీ మాట మీద వాడిని జగ్గమ్మ అరుగు ఎక్కనివ్వడం మానేశాను. ఆవిడ ఊరుకుంటుందా? నిన్న బోరింగు దగ్గర నలుగురిలో అడిగింది: "ఏటే యమునా, మా గుమ్మంలో ముళ్లు మొలిసాయేటి? నీ మనవడు రాడం లేదు." నేను నీళ్లు పట్టుకుని వచ్చేశాను. వాడు పుట్టిన రోజు బొడ్డు కోసి స్నానం చేయించింది ఆ చేతులే. ఆ సంగతి నువ్వు మరిచిపోయావనుకుంటాను.

పాలు ఆపాను. నీళ్లు తగ్గించాను. మారేడు మూడు పూటలా చేశాను. నిక్కర్లు మాత్రం తగ్గలేదు. వాడు మరమరాలు కూడా పళ్లెంలోనే వదిలేస్తున్నాడు. మునివేళ్ల మీద నిలబడి, కాళ్లు కత్తెరలాగా బిగించి, ముంజేయి కొరుక్కుంటున్నాడు. కొరికినచోట పుండు పడింది, పసుపు రాశాను.

మీ మావ వేరే పాట పాడుతున్నారు. "ఇది ఇరేసనం కాదే. పొట్ట సూడు, తడిసి గట్టిపడ్డ ఉప్పు బస్తాలాగున్నాది. లోపలేదో అడ్డం పడ్డాది, పక్కనించి కారతన్నాది" అంటారు. "సముద్రం సంగతి నువ్వు చూసుకో, పిల్లాడి సంగతి నాకొదులు" అన్నాను. మొన్నటితో మండలం అయింది. అయినా దీపం ఆపబుద్ధి కాలేదు, పెడుతూనే ఉన్నాను.

మాట మాత్రం అంటూనే ఉన్నాడు. అదొక్కటే వెలుగు.

అత్త యమున.


వెరావల్,
21-12-2024.

అత్తకి,

నేను అడిగింది ఒకటి, నువ్వు రాసింది ఇంకొకటి. ఆ మాట వాడు ఎక్కడ నేర్చాడో నువ్వు చెప్పలేదు. నువ్వు ఏదో దాస్తున్నావు. లేకపోతే నీకే తెలియదు. రెండోదే అయితే ఇంకా భయం.

తిండి మానేశాడని, చెయ్యి కొరుక్కుంటున్నాడని, పసుపు రాశానని రాస్తావా? డాక్టరు దగ్గరికి తీసుకెళ్లానని ఒక్క ముక్క లేదు.

జనవరి పన్నెండుకి టికెట్టు తీశాను. వాడిని తెచ్చేసుకుంటాను. ఈ గదిలో వాడు ఉండలేడని నాకు తెలుసు. పోయినేడు చూశాం. అవసరమైతే మంచానికి కట్టి పనికి వెళ్తాను. నా కళ్ల ముందయినా ఉంటాడు.

శ్రావణి.


భావనపాడు,
30-12-2024, సోమవారం.

అమ్మా శ్రావణీ,

ఉత్తరం వచ్చేదాకా బయల్దేరవద్దని నిన్న ఫోనులో అన్నాను. ఎందుకో చెప్పలేకపోయాను. ఇది చదివాక కూడా రావాలనిపిస్తే రా. వాడి బట్టలు నేనే సర్ది ఇస్తాను.

నువ్వు ఆ ఉత్తరం రాయకముందే, ఇరవయ్యో తారీఖున వాడు తాగిన గంజి కక్కేశాడు. మీ మావ నన్ను అడగలేదు. వాడిని భుజాన వేసుకుని ఆటో ఎక్కేశారు. చెప్పులు కూడా వేసుకోకుండా నేను వెనకాల ఎక్కాను. టెక్కలిలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. చిన్నావిడే. వాడు బల్ల ఎక్కనని అరిస్తే ఆవిడే వచ్చి నేల మీద కూర్చుంది. చెవుల్లో పెట్టుకునే గొట్టం వాడి చేతికిచ్చి, వాడు ఆడుకుంటుండగా పొట్ట తడిమి చూసింది. ఎక్స్‌రే తీయించింది.

"ఈ తెల్లగా కనబడేదంతా మలమే. చాలా రోజులుగా పేరుకుపోయింది" అంది.

"మరి రోజూ విరేచనాలు అవుతున్నాయి కదమ్మా" అన్నాను.

"అవి విరేచనాలు కావు. గట్టిపడిన దాని పక్కనుంచి నీరులాగా కారుతోంది. పేగు సాగిపోయింది, అందుకే వాడికి తెలియడం లేదు. ఏం పెడుతున్నారు?"

మారేడు అన్నాను. ఎన్ని పూటలని అడిగింది. చెప్పాను. ఆవిడ తిట్టలేదు, రాసుకుంది. మీ మావ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. ఆయన అన్నదే నిజమైంది. ఒక్క మాట అననందుకు ఆయనకి ఈ జన్మకి రుణపడ్డాను.

ఇలాంటి పిల్లలకి ఇది తరచుగా వచ్చేదేనట. తినేవి రెండే రకాలు కావడం, నొప్పి ఎక్కడో చెప్పలేకపోవడం, ఒకసారి నొప్పి పెడితే మళ్లీ వెళ్లకుండా బిగబట్టడం. తల కొట్టుకోవడం, చెయ్యి కొరుక్కోవడం మనం వాడి జబ్బు లక్షణం అనుకున్నాం. అది వాడి కడుపునొప్పి.

తర్వాత ఆవిడ అడిగింది: "వచ్చేటప్పుడు వాడు ఏం చేస్తాడు? ఎక్కడికైనా వెళ్తాడా, ఏమైనా అంటాడా?"

మీ మావ చెప్పారు: "వలల ఎనకాలకెల్లి కాళ్లు బిగబడతాడండి. ముట్టుకోకు, ముట్టుకోకు అంతాడు. ఆడికొచ్చిన మాటదొక్కటే."

"ఈ పిల్లల్లో చాలామంది విన్న మాటనే, విన్న సందర్భంలో తిరిగి అంటారు. దొడ్డికి అయినప్పుడు ఈ మాట ఎవరి నోట విన్నాడు?"

మీ మావ నా వైపు చూశారు. అప్పుడు తెలిసింది నాకు.

నువ్వు అడిగిన నిజం ఇది శ్రావణీ. వాడిని ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోకపోవడమే జరిగింది. కార్తీకం మొదటి రోజు నుంచీ, తలస్నానం చేసి తడిబట్టతో దీపం దగ్గరికి వెళ్తుంటే, వాడు పాడు చేసుకుని నా దగ్గరికే వచ్చేవాడు. నా కొంగు పట్టుకోబోయేవాడు. నేను "ముట్టుకోకు, ముట్టుకోకు" అంటూ వెనక్కి జరిగేదాన్ని. తిట్టలేదు. కొట్టలేదు. మెల్లగానే అన్నాను. కానీ రోజూ అన్నాను. మళ్లీ వెళ్లి తలస్నానం చేసి, దీపం వెలిగించి, అదంతా అయ్యాక గానీ వాడిని దగ్గరికి తీయలేదు. దొడ్డికి అయితే నానమ్మ దూరం పోతుందని వాడు అర్థం చేసుకున్నాడు. అందుకని అవ్వకుండా చూసుకున్నాడు. వాడికి మాట రావాలని దీపం పెట్టాను. నేను ఇచ్చిన మాటే వాడికి వచ్చింది. దాన్ని పండగలాగా నీకు ఉత్తరం రాశాను.

దేవుడు నన్నలా చేయమనలేదు. ఆయన లింగం మీద పిల్లలు చేతులు పెట్టినా ఎవరూ తీసేయరు. ఆ అడ్డు నేను గీసుకున్నదే.

డాక్టరమ్మ నీళ్లలో కలిపే పొడి ఇచ్చింది. దానికి రుచి ఉండదు. మొదటి రోజుల్లో ఎక్కువ, తర్వాత తక్కువ, ఎంతెంత అన్నది కాగితం మీద రాసిచ్చింది. పాలు మళ్లీ కొద్దిగా మొదలుపెట్టమంది. నీళ్లు ఆపకూడదంది. వాడి స్టీలు గ్లాసులో తప్ప తాగడు కాబట్టి అందులోనే కలిపాను. రెండు రోజులు ఏమీ కాలేదు. మూడో రోజు పొద్దున మొదలై మధ్యాహ్నం దాకా అయింది. మొదట రాళ్లు, తర్వాత మిగతాది. వాడు కేకలు పెట్టాడు, నా మెడ పట్టుకుని వేలాడాడు. నేను వదల్లేదు. నా చేతులతోనే అంతా కడిగాను. అప్పటికి నేను స్నానం చేసి ఉన్నాను, దీపం ఇంకా పెట్టలేదు. మధ్యాహ్నం దాటాక పెట్టాను.

తర్వాత నా ఒళ్లో పడుకున్నాడు. పొట్ట మీద చెయ్యి వేస్తే పిండి ముద్దలాగా మెత్తగా ఉంది. ఎన్నో రోజుల తర్వాత పళ్లెం ఖాళీ చేశాడు.

ఇంక నీ ఇష్టం.

యమున.


వెరావల్,
9-1-2025.

అత్తా,

షెడ్డు వెనక ఐసు పెట్టెల మీద కూర్చుని చదివాను. టికెట్టు వెనక్కి ఇచ్చేశాను.

నువ్వు ఒకటి చెప్పావు కాబట్టి నేనూ చెబుతాను. పోయినేడు ఇక్కడ అందరికీ కలిపి రెండే మరుగుదొడ్లు. వాడు లోపల కూర్చుంటే బయట వరసలో ఉన్నవాళ్లు తలుపు బాదేవారు. ఆ బాదుడికి వాడు చెవులు మూసుకుని లేచిపోయేవాడు. బయటికొచ్చాక గదిలో పోయేవాడు. ఒకరోజు అందరి ముందూ వాడి వీపు మీద కొట్టాను. ఒకసారి కాదు. వాడి బాబుకి కూడా తెలియదు. బిగబట్టడం వాడికి నువ్వు నేర్పలేదు అత్తా, నేను మొదలుపెట్టాను. పాలూ నీళ్లూ ఆపమన్నదీ నేనే.

జగ్గమ్మ పిన్నికి ఏం చెప్పాలో నీకు తెలుసు. నా తరపున కూడా చెప్పు.

వాడు ఇంకా ఆ మాట అంటున్నాడా?

నీ కోడలు,
శ్రావణి.


భావనపాడు,
3-3-2025, సోమవారం.

చి.సౌ. శ్రావణికి,

జవాబు ఆలస్యమైంది. బాగుందని రాయడానికి, నిజంగా బాగుపడేదాకా ఆగాను.

జనవరిలో ఒక తప్పు చేశాను. వాడికి రోజూ అవుతోంది కదా అని నాలుగు రోజులు పొడి ఆపేశాను. ఐదో రోజుకి మళ్లీ నిక్కర్లు మొదలు. డాక్టరమ్మ "సాగిన పేగు తన బలానికి రావాలంటే నెలలు పడుతుంది, నేను చెప్పేదాకా మీరు ఆపకూడదు" అంది. ఇప్పుడు వాడు ఆడుకునే మూలలో ఒక నోటుపుస్తకం పెట్టాను. ఏ రోజు అయింది, గట్టిగానా మెత్తగానా అని రాస్తాను. నెలకోసారి ఆవిడకి చూపిస్తాను.

తిండి తిన్న కాసేపటికి రెండు పూటలా కూర్చోబెట్టమంది, ఐదు నిమిషాలు, అయినా కాకపోయినా. బలవంతం వద్దంది. మొదట్లో వాడు లోపలికి రానే లేదు. తెల్లటి పలకల మీద కాలు పెట్టడమే వాడికి ఇష్టం లేదు. మీ మావ తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూసి, "ఈడి కాళ్లకి ఇసక గావాలే" అన్నారు. పుట్టిన దగ్గర్నుంచీ వాడు ఒడ్డున ఇసకలో కాళ్లు పాతుకుని కూర్చున్నవాడు. ఆయన వెళ్లి చేపల గిన్నె నిండా తడి ఇసక తెచ్చి వాడి కాళ్ల కింద పెట్టారు. వాడు వేళ్లు ఇసకలో దూర్చి, కమోడు మీద కూర్చున్నాడు. కాళ్లు అలా ఆనితేనే మంచిదని డాక్టరమ్మ కూడా అంది. రెండు రోజులకోసారి ఇసక మారుస్తున్నాం.

ముక్కడం కూడా వాడికి తెలియదు, ఊపిరి బిగబట్టేస్తాడు. మీ మావ బయట కూర్చుని, ఒడ్డున వల లాగేటప్పుడు పాడే పాట ఎత్తుకుంటారు. ఆ పాటలో లాగే చోట అందరూ ఊపిరి వదులుతారు కదా, వాడు కూడా అక్కడ వదులుతాడు. వీధంతా వింటోంది. జగ్గమ్మ తన అరుగు మీంచి అడుగుతుంది, "ఏటి బావ, వలింకా ఒడ్డుకి రాలేదేటి?" మీ మావ "బరువుగా పడ్డాది, ఆగవే" అంటారు. జగ్గమ్మకి నేను వెళ్లి అంతా చెప్పాను. నీ భయం గురించి కూడా. చేతిలో పని ఆపి అంతా వింది. తర్వాత "తల్లి కదేటి, అడగదా మరి" అంది. మర్నాడు వాడిని తనే వచ్చి తీసుకెళ్లింది.

తిండి అలాగే ఉంది. రోజూ మరమరాల పక్కన చిన్న బొప్పాయి ముక్క పెడుతున్నాను. తినమని అనను. ముప్పై రోజులు తీసి పారేశాను. తర్వాత ఒకరోజు వాసన చూశాడు. పోయిన వారం నాకాడు. అంతే.

నువ్వు అడిగావు కదా, ఆ మాట ఇంకా అంటున్నాడు. దాని బదులు "నానమ్మా రా" అని నేర్పమని డాక్టరమ్మ అంది. వాడు అనేటప్పుడల్లా పక్కనే నేను "నానమ్మా రా" అంటాను. వాడికి ఇంకా పట్టుబడలేదు. కానీ ఇప్పుడు ఆ మాట చెవిన పడితే చేస్తున్న పని వదిలేసి వెళ్తాను. కూర మాడినా సరే.

శివరాత్రి రోజు తెల్లారి తలస్నానం చేసి, తడిబట్టతో దీపం కుందె పట్టుకుని దేవుడి గూటి దగ్గర నిలబడ్డాను. వాడు వచ్చాడు. కాళ్లు బిగబట్టి ఉన్నాడు. దూరంగా ఆగాడు. నా చీర వైపు చూశాడు. ఎక్కడ ఆగాలో వాడికి ఇంకా గుర్తుందమ్మా. "ముట్టుకోకు" అన్నాడు. నేను కుందె కింద పెట్టి చెయ్యి చాపాను. "ముట్టుకోకు, ముట్టుకోకు" అంటూనే దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకున్నాడు.

ఇద్దరం పెరట్లోకి వెళ్లాం. శివుడు కాసేపు చీకట్లో ఉన్నాడు. ఆయనకి కొత్త కాదు.

జూన్‌లో బోట్లు ఒడ్డుకి ఎక్కాక మీరిద్దరూ వస్తారు కదా. వాడు ఫోను తిప్పి వెతకనక్కర్లేకుండా నువ్వు వాడి ముందే ఉంటావు. అప్పటిదాకా ఫోను చేయకు, రాయి.

ఒక్కటి అడుగుతాను. ఈ కాగితాలు చింపకు, నీ పెట్టె అడుగున దాచు. ఎవరికీ చూపించకు, గిరిబాబుకి కూడా. కొడుకు బాగున్నాడని నీ నోటితో చెప్పు, చాలు. నా తప్పు బయటపడుతుందని కాదు, అది ఇప్పటికే జగ్గమ్మ దాకా వెళ్లింది. ఇందులో ఉన్నది వాడి ఒళ్లు, వాడి నొప్పి. నలుగురికీ చెప్పొద్దని అనడం వాడికి రాదు, కాబట్టి వాడి బదులు నేను అంటున్నాను. ఏనాటికైనా వాడికి చదవడం వస్తే వాడి చేతికివ్వు. ఎవరికి చూపించాలో వాడే చెబుతాడు.

మీ అత్త,
యమున.